నలభయ్యో సంతకం వెనక్కి ఇప్పించమని

మునిసిపల్ ప్లానింగు అధికారి గారి సముఖమునకు,

తూంకుంట శివారు లేఅవుటు ఇళ్ల యజమానుల సంఘం కార్యదర్శి జనార్ధన్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా లేఅవుటు వెనుక స్థలంలో పేదలకు ఇళ్లు వద్దని నేను ఇచ్చిన అభ్యంతర పత్రమును రద్దుపరచుట గురించి.

అయ్యా,

1. సదరు స్థలమును వ్యవసాయ వినియోగము నుండి నివాస వినియోగమునకు మార్చి, తక్కువ ఆదాయం గలవారికి చిన్న ఇళ్లు కట్టించదలచినట్లు, అభ్యంతరములున్నచో వచ్చే శుక్రవారంలోగా తెలుపవలెనని తమ కార్యాలయం నోటీసు అంటించినది. మూడు రోజులు తిరగకముందే నేను అభ్యంతరం దాఖలు చేసితిని.

2. అందులో కారణములు మూడు చూపితిని. రద్దీ పెరుగును. లేఅవుటు గౌరవం తగ్గును. పక్షులకు ఇబ్బంది కలుగును. అయ్యా, ఆ స్థలంలో నేను చూసిన పక్షులు, మా ఇళ్లు కట్టగా మిగిలిన టైల్సు ముక్కల మీద వాలే కాకులే. ఆ ముక్కలు పారబోసింది కూడా మేమే.

3. మా ఇళ్లు ముప్పై తొమ్మిది, ఇంటికో సంతకం వచ్చింది. నలభై సంతకాలైతే నిండుగా ఉంటుందని నాకు తోచింది. అప్పుడే మా వీధులు ఊడ్చే గంగమ్మ గేటు దగ్గరికి వచ్చింది. "పార్కు కోసం గంగమ్మా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అన్నాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని మరీ వేసింది.

4. సదరు గంగమ్మ కూతురితో, ఇద్దరు మనవలతో రేకుల గదిలో అద్దెకుంటుంది. మా లేఅవుటు వచ్చాక చుట్టుపక్కల అద్దెలు పెరిగి మూడు గదులు మారింది. ఇప్పుడు శామీర్‌పేట అవతలి నుంచి వస్తుంది. నిన్న పొద్దున నా దగ్గరికి వచ్చి, "సారూ, గా ఎనక జాగల మాసోంటోళ్లకు ఇండ్లు గడ్తరంట. దరఖాస్తు నువ్వే రాయాలె. నీ సేతిరాత మంచిగుంటది" అంది.

రాశాను. నా అక్షరాలు ఎన్నడూ అంత వంకరపోలేదు. వేలిముద్ర వేసేముందు, "మొన్న పార్కు కాయితం మీద ఏసినట్టేనా సారూ?" అని అడిగింది. అవునన్నాను.

5. నాకు సిగ్గుగా ఉంది. ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసినా ఈ మాటను కార్యాలయ భాషలో ఎలా రాయాలో నాకు తెలియదు.

కావున సదరు అభ్యంతర పత్రమును శుక్రవారంలోగా రద్దుచేసి, అది కుదరనిచో ఆ ఒక్క వేలిముద్రనైనా తీసివేసి, దీనితో జతపరచిన గంగమ్మ దరఖాస్తును స్వీకరించగలరు. ఇళ్లు వద్దన్న కాగితం మీదా, ఇల్లు కావాలన్న కాగితం మీదా ఒకే వేలిముద్ర ఉన్నదని తమ సిబ్బంది ఆమెను తప్పుపట్టరాదు. రెండూ రాసింది నేనే.

ఈ ఒక్క మనవిని మాత్రం తప్పక చిత్తగించవలెను.

తమ విధేయుడు అని రాసుకొనుటకు కూడా జంకుచున్న,
జనార్ధన్

తా.క.: దీన్ని కవరులో పెట్టాక మనసొప్పక గంగమ్మకు నిజం చెప్పేశాను. చేతిలో చీపురు గోడకు ఆనించింది. తర్వాత, "సదువుకున్నోనివని నమ్మిన సారూ. గా కాయితం నువ్వే ఎనక్కి తేవాలె. ఇగ జరుగు, ఊడ్వాలె" అంది. నేను గేటు బయటికి జరిగాను. రోజూలాగే ముందు మా వాకిలే ఊడ్చింది.