కొత్త చొక్కా

దివాకర్‌కు,

దసరా సెలవులయ్యి బడి తెరిచిన రోజు నువ్వు మేళ్లచెరువు నుంచి నాకోసం జమ్మి తెచ్చావు. నువ్వు వచ్చేసరికి క్లాసులో పిల్లలకు స్కాట్లాండు వాళ్ల పాత పాట ఒకటి చెబుతున్నాను. చిన్ననాటి దోస్తును మరిచిపోవచ్చునా అని అడిగే పాట అది.

ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి అట్లాగే బస్సెక్కినట్టున్నావు, ఒంటినిండా సిమెంటు దుమ్ము. జమ్మి నా చేతిలో పెట్టి, "అలాయ్ బలాయ్ తీసుకుందాం రారా" అని చేతులు చాపావు. నేను కొత్త చొక్కా మాస్తుందని వెనక్కి జరిగాను. "గాయన ఎవలు సార్?" అని పిల్లలు అడిగితే "మా ఊరాయన" అన్నాను. నువ్వు విన్నావు. "పాఠం చెప్పుకో, నేను పోతున్న" అని వెళ్లిపోయావు.

తర్వాత పాట మళ్లీ మొదలుపెడితే మనస్విని అనే పిల్ల లేచి, "సార్, మీకు గసొంటి దోస్తు ఉన్నడా?" అంది. గంట కొట్టేదాకా తుడిచిన బోర్డునే తుడుస్తూ నిలబడ్డాను.

ఏడో తరగతి ఫోటోకు నాకు మంచి చొక్కా లేకపోతే నీది విప్పి ఇచ్చావు. అందుకే ఆ ఫోటోలో నువ్వు లేవు. నీ చొక్కా ఉంది.

ఆదివారం వస్తున్నాను. షిఫ్టు దిగే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంటాను. బట్టలు మార్చుకోకుండా రా.