రెండో స్వెటర్ కొలతలు

అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. నువ్వూ బావగారూ పాపా కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం. మూడు రోజుల కిందట రాసి ఉంటే ఈ మాట అబద్ధమయ్యేది.

బావగారి మోకాలికి ముందు ఎక్స్‌రే తీయించు, నూనె మర్దనాతో తగ్గేది కాదు. స్వెటర్‌కి నా ఛాతీ ముప్పై నాలుగు అంగుళాలు. నా గదిలో ఉండే ఆవిడకీ ఒకటి అల్లుతానని, కొలతలు పంపమని నువ్వు రాశావు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

సోమవారం పొద్దున బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని సోడా తాగి మా ఆస్పత్రి ల్యాబ్‌లో పనికి వెళ్లాను. సాయంత్రానికి నొప్పి కుడివైపు కిందికి దిగింది, తిండి వాసనకే వాంతి. డాక్టరుకి చెప్తే సెలవు పెట్టమంటారు, సెలవు పెడితే ఆ గదిలోనే పడుండాలి. అందుకని మంగళవారం నా అతితెలివి చూపించాను. నా రక్తం నేనే తీసుకుని, సీసా మీద పేరు లేకుండా ఒక నంబరు వేసి మిషన్‌లో పెట్టాను. పదకొండు వేలు దాటకూడని తెల్లకణాలు పంతొమ్మిది వేలున్నాయి!

రిపోర్టు పట్టుకుని నిలబడితే సర్జన్‌గారు అటుగా వచ్చి చూశారు.

“ఎవరిదమ్మా ఇది? నొప్పెక్కడ?”

“కుడివైపు కిందండీ.”

“మరి చూస్తూ నిలబడ్డావేంటి? పేషెంటుని పిలువు ముందు!”

“పిలవక్కర్లేదండీ. నాదే.”

ఆయన తిట్టిన తిట్లు రాయను. బల్ల మీద పడుకోబెట్టి నొక్కితే ఓర్చుకున్నాను, చెయ్యి ఠక్కున తీసేసరికి కేక పెట్టాను. స్కానింగ్‌లో అపెండిక్స్ వాచిపోయి కనిపించింది. “ఇంకో పూట ఆగుంటే పగిలి కడుపంతా చీము పట్టేది” అన్నారు. గంటలో ఆపరేషన్. మూడు చిన్న గాట్లు, సెలైన్‌తో యాంటీబయాటిక్స్. ఇప్పుడు మెల్లగా నడుస్తున్నాను.

మత్తు ఇవ్వబోయే ముందు నర్సు, “మీ తరఫున బయట ఎవరు కూర్చుంటారు?” అంది.

అక్కా, గదిలో ఆవిడ లేదు. బదిలీ అయి వెళ్లిపోయి ఎనిమిది నెలలైంది. నువ్వు దిగులుపడతావని చెప్పలేదు. ఆ తర్వాత రాసిన ఆవిడ గురక, జోకులు, కూరలో ఉప్పెక్కువ వేయడం, అన్నీ నేను కల్పించినవే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, నా ఉత్తరాలు ఆ బాపతే. సోమవారం గదికి వచ్చి, ఆ ఖాళీ మంచంవైపు తిరిగి “చాలా నొప్పిగా ఉందండీ” అని పైకే అన్నాను. చచ్చేంత భయమేసిందక్కా.

రెండో స్వెటర్ అల్లకు. నాది ఇక్కడే అల్లుదువుగాని, ఉత్తరం అందగానే ఊలూ సూదులూ పట్టుకుని వచ్చెయ్యి. ఎల్లుండి నన్ను పంపించేస్తారు. “గదిలో తోడుంటారుగా?” అని సర్జన్‌గారు అడిగితే అలవాటుకొద్దీ తలూపాను. ఆ ఒక్క అబద్ధం నువ్వొచ్చి నిజం చెయ్యాలి.

ఇట్లు,
ఎనిమిది నెలలుగా నిన్ను మోసం చేసిన
నీ చెల్లి