బావను లత్కోర్ అన్నందుకు

కామారెడ్డి, ఫిబ్రవరి 1983

బాలనర్సయ్య బావకు హన్మండ్లు పోరాట నమస్కారాలతో,

మొన్న ఇక్కడి బస్టాండులో బీడీ కార్మికుల కూలి మింగే ఆ టేకేదారుకు నువ్వు నడుము వంచి సలాం కొడుతుంటే కోపం ఆగక, నలుగురిలో నిన్ను ‘లత్కోర్’ అన్నాను. తప్పే. కానీ ఆ మాట పుట్టుక విను. ఉర్దూ చదివిన మిత్రుడు జిలానీ చెప్పాడు: లాత్ అంటే తన్ను, ఖోర్ అంటే తినేవాడు. చూశావా? తన్నిన దొరకు తిట్టు లేదు, తిన్న పేదోడికే తిట్టు! కనుక సిగ్గు నీది కాదు, వ్యవస్థది. అక్కకు దండాలు, అల్లుడికి ముద్దులు.

నీ బామ్మర్ది
హన్మండ్లు

తా.క.: కవరు బూర్జువా అలవాటు. ప్రజల దగ్గర దాచేదేముంది? అందుకే కార్డు.

* * *

ఎల్లారెడ్డి

బామ్మర్దికి,

నీ కార్డు పోస్టుమన్ దేవయ్య హోటల్ల నిలవడి సదివిండు. కార్డు వస్తె గట్ల సదువుడు ఆయన అలవాటని నీకెరుకే గద. బస్టాండుల నలుగురే ఇన్నరు, ఇప్పుడు ఊరంత ఇన్నది. చాయకు పోతె “బాలనర్సన్నా, ఎవడు తన్నిండే? యాడ తన్నిండు?” అని అడుగుతున్నరు. పోరని పుట్టెంటికలకు నువ్వు రావద్దు. మేనమామ ఒడిల కూసోకున్నా ఎంటికలు తెగుతయి.

బాలనర్సయ్య

తా.క.: తెగయట. మీ అక్క ఏడుస్తున్నది.

* * *

కామారెడ్డి

బావకు, దేవయ్య గారికి, హోటల్లో కూర్చున్న ప్రజలందరికీ,

ఈ కార్డు గట్టిగా చదవండి. మా బావను ఎవడూ తన్నలేదు! అది నేను కోపంలో అన్న మాట. చేతనైతే తన్నేవాడికి ఒక తిట్టు కనిపెట్టండి, కరపత్రం నేను వేస్తాను. బావా, పిల్లవాణ్ణి నా ఒడిలో కాక ఎవరి ఒడిలో కూర్చోబెడతావు?

హన్మండ్లు

తా.క.: టేకేదారు అక్కడే చాయ తాగుతుంటే ఇంకా గట్టిగా చదవండి.

* * *

ఎల్లారెడ్డి

బామ్మర్దికి,

ఇది కవర్ల వెడుతున్న. దాసేది ఉన్నది.

నన్ను ఎవడు తన్నలేదని రాసినవు. తన్నిండ్రు. టేకేదారు గోదాం గోడకు నువ్వు కరపత్రాలు అంటువెట్టిన తెల్లారి, ఆయన మనుషులు నిన్ను ఎతుక్కుంట మా ఇంటికొచ్చిండ్రు. “పిలగాడు, ఇడిసిపెట్టున్రి” అని అడ్డం వోయిన. నడుము మీద వడ్డది. బస్టాండుల సలాం గూడ నీ మీద కేసు పెట్టొద్దనే. నడుము వంచినవంటివి. నేను వంచలే, అది నిలవడుతలేదు.

జిలానీ చెప్పిన అర్థం సరిగ్గనే ఉన్నది.

ఐతారం పుట్టెంటికలు. రా.

బాలనర్సయ్య

తా.క.: పోరనికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నయి. నా సంకల ఉండి హోటల్ల ఒక మాట నేర్సిండు. నీ ఒడిల కూసోని అంటడు. అలగకు.

* * *

కామారెడ్డి

బావా,

కవరు కొన్న.

పోరడు అంటె అననీ. కాని ఆ మాట నాకెట్ల చెల్లుతది? నా తన్ను నువ్వు తింటివి.

హన్మండ్లు

తా.క.: ఆముదం తెస్తున్న. నడుముకు నేనే రాస్త.