మీ బండికి లిఫ్టు కొన్నాం

సుధాకర్ నాన్నగారికి,

వందనాలు. మీరు వెళ్ళిపోయి పదకొండు నెలలయింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. కొబ్బరి కాపు ఈసారి తక్కువ. జీడి ఫరవాలేదు. మీ సమాధికి సున్నం వేయించాను. మీరు అడిగేవి ఇవేనని ముందుగా రాశాను.

అసలు విషయం మీ మోటారు బండి.

పెరట్లో ఇసుక మీద ఇటుకలు పేర్చి, వాటి మీద దాన్ని నిలబెట్టి మీరు చక్రం విప్పుతుంటే, ఇటుకలు కుంగి బండి మీ కాలి మీద పడింది. షుగరు వల్ల పుండు మానలేదు... అందులో బండి తప్పు లేదు. అయినా దాన్ని కొట్టంలో పెట్టించి, బండి తాళం నా పెట్టెలో వేసుకున్నాను.

మీ కొబ్బరి బేరం ఇప్పుడు సుధాకరే చూస్తున్నాడు. కవిటికీ పలాసకూ బస్సుల్లో తిరిగేసరికి వాడికి సగం రోజు పోతోంది. వాడు నోరు విప్పలేదు. కోడలు విప్పింది. “అత్తమ్మా, బేరాలన్నీ పరాయోళ్ళు అట్టుకుపోతన్నారు. మీరు తాళం దాసుకుని కూకుంటే మేమేటి తినాల?” రూతు నాతో అలా మాట్లాడడం అదే మొదలు. కోపం వచ్చింది. కానీ మాట సబబుగానే ఉంది.

తాళం ఇవ్వడంతో తీరిపోతుందా? మన ఇసుకకూ, నౌపడ ఉప్పుగాలికీ గొలుసు తరచూ కడిగి నూనె పెట్టాలి. చక్రాలు విప్పాలి. మీలాగే వాడూ ఆ పని ఇంకొకరికి ఇవ్వడు. అంటే మళ్ళీ ఆ బండి పక్కనే మన మనిషి కూర్చుంటాడు... అందుకని ఒక షరతు పెట్టాను. మెకానిక్ షెడ్లలో బండిని పైకెత్తడానికి ఉండే లిఫ్టు కొంటేనే తాళం.

కొనడానికి నేనే వెళ్ళాను. పలాసలో కొట్టతను నన్ను చూసి నవ్వాడు. “ఏటి మామ్మగోరూ, ఈ వయిసులో మెకానిక్ షెడ్డు ఎట్టేత్తారేటి?” పెట్టినా నీ దగ్గర కొననన్నాను. అప్పుడు కుర్చీ వేశాడు.

మూడు రకాలు చూపించాడు. ఒకటి వెనక చక్రాన్ని మాత్రం లేపే స్టాండు. అది గొలుసుకు సరిపోతుంది, ముందు చక్రానికి పనికిరాదు. రెండోది కత్తెరలా తెరుచుకుంటూ ఇంజను కింద నుంచి ఎత్తేది. కానీ మీ బండికి అడుగున సైలెన్సరు గొట్టం అడ్డం. బరువు దాని మీద పడుతుంది. మూడోది బల్ల. బండిని దాని మీదికి ఎక్కించి, కాలితో తొక్కితే నూనె ఒత్తిడికి లేస్తుంది.

నేను మూడే అడిగాను. ఎంత బరువు మోస్తుంది? నూనె కారిపోతే ఏది ఆపుతుంది? దింపేటప్పుడు ఒక్కసారిగా పడుతుందా, మెల్లగా దిగుతుందా? మొదటిదానికే జవాబు వచ్చింది. మీరుంటే “టీచరమ్మా, ఆడికి పరీచ్చ ఎట్టీసినావేటే!” అని నవ్వేవారు.

చివరికి అలాంటి బల్లే టెక్కలిలో ఒక వెల్డింగు షాపులో దొరికింది. బండికి రెట్టింపు బరువు మోస్తుందని దాని మీదే రాసి ఉంది. కాళ్ళు వెడల్పు. పైకి లేపాక రంధ్రంలో ఇనుప కడ్డీ దూర్చాలి. నూనె పోయినా బల్ల ఆ కడ్డీ మీద ఆగుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే బిగింపు ఉంది. నాలుగు మూలలా కట్టడానికి బెల్టులు కూడా ఇచ్చారు. ఖాళీ బల్లను నా ముందు లేపించి, దింపించి చూశాకే ఆటో ఎక్కించాను.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తగువు. సుధాకర్ పెరట్లో జీడిచెట్టు నీడన పెడతానన్నాడు. ఇసుక మీద ఏదీ నిలబెట్టవద్దన్నాను. గచ్చు ఉన్నది వరండాలోనే. ప్రార్థన కూడిక జరిగే చోటని నేను చెప్పులతో ఎవరినీ ఎక్కనివ్వను. ఇప్పుడు అక్కడికి బండి ఎక్కింది. మనవరాలు వంటింటి గడప దాటకూడదని ఆజ్ఞ.

ఇంత చూశాను. ఒకటి చూడలేదు.

వాడు బెల్టులు పక్కన పెట్టి కొత్త కొబ్బరితాడు తెచ్చాడు. “బెల్టు జారిపోద్దమ్మా. తాడైతే కరుసుకుంటాది. నాన్న ఎప్పుడైనా బెల్టు కట్టినాడా?” అన్నాడు. ఈ ఊళ్ళో పడవలూ, పాడి గేదెలూ, కాయల బస్తాలూ అన్నీ ఆ తాడు మీదే ఉన్నాయి. నాకూ అనుమానం రాలేదు. కానీ కొత్తగా పేనిన తాడు బరువు పడితే సాగుతుందని మన ఇళ్ళలో తెలియనిది ఎవరికి? అందరికీ తెలుసు. ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

బల్ల లేచింది. కడ్డీ దూర్చాడు. వెనక చక్రం నట్టు బిగుసుకుపోయి ఉంది. రెంచి పెట్టి బలంగా గుంజాడు. గుంజినప్పుడల్లా తాడు కొంచెం కొంచెం సాగింది... బండి వాడి వైపు ఒరిగింది.

వాడు రెంచి వదిలేసి రెండు చేతులతో బండిని పట్టుకున్నాడు.

మీరూ అదే చేశారు కదా? పక్కకు ఒక అడుగు వేస్తే సరిపోయేది. మీరు వేయలేదు. వాడికి బండి నేర్పిన రోజుల్లో ఏం చెప్పేవారు? “బండిని కింద పడనిచ్చినోడు మళ్ళీ బండెక్కకూడదురా.” ఆ మాట వాడి చేతుల్లో ఉండిపోయింది.

“వదిలెయ్!” అన్నాను. “పడతాదమ్మా...” అన్నాడు. “పడనీ. వదిలి పక్కకు రా!” బడిలో కూడా నేనంత గట్టిగా అరిచి ఉండను. రూతు వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. వాడు వదిలాడు.

బండి పడింది. పెట్రోలు ట్యాంకుకు సొట్ట. అద్దం పగిలింది. గచ్చు పెచ్చు లేచింది. మనుషులకు ఏమీ కాలేదు.

వాడు ఆ సొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. “నాన్న బండమ్మా... నాన్నదమ్మా” అంటూ ఏడ్చాడు. మీరు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నేను ఎవరినీ ఓదార్చే మనిషిని కాను, మీకు తెలుసు. “అది బండి. మీ నాన్న కాదు” అని మాత్రం అన్నాను.

మీరెందుకు వదల్లేదు? ఎంతటి బండి అది?

మర్నాడు మళ్ళీ లేపాం. బిగుసుకున్న నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేశాడు. తర్వాత బల్ల ఎక్కించి, ముందు చక్రం బిగించి, నాలుగు బెల్టులూ కట్టాడు. హ్యాండిలు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు. కదల్లేదు. అప్పుడు లేపి కడ్డీ పెట్టాడు. పని మొదలుపెట్టే ముందు నా వైపు చూశాడు. “పడితే?” అని అడిగాను. “వదిలేత్తాను” అన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పాడు. అప్పుడు తాళం ఇచ్చాను.

మీ మాటలు ఈ ఇంట్లో చాలా నడుస్తున్నాయి. అమ్మకంలో తూకం, కూలీలకు భోజనం, ఆదివారం ఆరాధనకు ముందే చేరడం... వాటిలో ఏదీ మార్చను. ఆ ఒక్క మాట మాత్రం తీసేశాను. మనవరాలు రేపు బండి నేర్చుకుంటే, నేనుంటే నేనే చెబుతాను, లేకపోతే రూతు చెబుతుంది: ముందు నువ్వు తప్పుకో, బండిని తర్వాత చూద్దాం.

కోపం ఉంటే నేను అక్కడికి వచ్చాక తీర్చుకోండి.

మీ
రాహేలు