మంట లేని పొయ్యి

ఏమండీ,

మీరు పోయాక వచ్చిన మీ మొదటి పుట్టినరోజు ఇవాళ. మీకిష్టమని పోర్క్ రిబ్స్ తెచ్చాను. పంది మాంసం వంటింట్లోకి రాకూడదని అత్తయ్య మిమ్మల్ని కుంపటితో సహా డాబా మీదకు తరిమేవారు కదా! ఈసారి గవర్నర్‌పేటలో కొన్న ఎయిర్ ఫ్రయర్‌ని ఎగాదిగా చూసి, “మంటే లేదుగా, ఇది పొయ్యి కిందకి రాదులే. ఇక్కడే కానియ్యి” అన్నారు.

బెల్లం పాకంలో కారం, నిమ్మరసం కలిపి రెండోసారి పూసేసరికి ముక్కలు నిగనిగలాడాయి. ఇల్లంతా ఒకటే ఘుమఘుమ. అత్తయ్య వచ్చి పక్కనే కూర్చున్నారు.

“ఒక్కటంటే ఒక్కటే పెట్టు.”

మూడోది చప్పరిస్తూ గొంతు తగ్గించారు. “నేను తిన్నానని వాడికి మాత్రం చెప్పకే.”

చెప్పనని మాటిచ్చాను. చెయ్యి కడుక్కుని, నేరుగా వచ్చి మీకు రాస్తున్నాను.