ఆ ఐదున్నర గంటలు

ఇబ్రహీంపట్నం, శుక్రవారం

మేం పరిశోధిస్తున్న వింత గెలాక్సీలో ఎక్స్‌రేలు తగ్గిన ఐదున్నర గంటలకు మామూలు వెలుగూ తగ్గిందని సీనియర్ శ్రీశైలం అన్నకు ఒకటే సంబరం. రేపే పరిశోధన పేపరు జర్నల్‌కు పంపుతాడట. అందులో నా పేరూ ఉంది. సరిగ్గా ఐదున్నరే ఎందుకు? మన గడియారానికీ, ఎక్స్‌రే ఉపగ్రహం వాడే గ్రీన్‌విచ్ టైముకీ తేడా కూడా అంతే కదా!

"అన్నా, మన టెలిస్కోపు టైములు గ్రీన్‌విచ్‌కు మార్చినవా?"

"అవ్, మార్చిన. అన్నిట్ల అనుమానమేనా? పోలీసులల్ల చేరకపోయినవ్!"

నవ్వాను గానీ నమ్మలేదు. షేర్ ఆటోలో వస్తూ అతని ఫొటోల టైముల పట్టిక చూశాను. పైన 'గ్రీన్‌విచ్ టైము' అని రాశాడు. చివరి ఫొటో ఉదయం ఐదింటిదట. అంటే మనకు పదిన్నర. అంత ఎండలో గెలాక్సీని ఫొటో తీశాడా? మార్చడం మరచిపోయాడా, తెలిసే ఊరుకున్నాడా... పొద్దున్నే అడుగుతాను. అంతకంటే ముందు నా పేరు తీసేయమంటాను.