మందుగుండు కుర్చీ పని నేను మానను

అయ్యకు జమున దండాలు. నేను క్షేమం.

మన కొండ మీద ఫోను అందదు కాబట్టి ఈ కార్డు రాస్తున్నాను. "మందుగుండు కాడ ఆడగుంటకి పనేటి? మానేసి బేగి వచ్చీయే" అని దొన్ను మామ చేత కబురు పంపావు. నేను రాను.

మీరంతా టీవీలో చూసినట్టు మా వైమానిక దళం విమానం కూలిన మాట నిజమే. కానీ పైలట్ బతికాడు. ఆయన పిడి లాగగానే సీటు కింది మందుగుండు పేలి, సీటుతో సహా ఆయన్ని పైకి విసిరింది. పారాచూట్ విచ్చుకుంది. ఆ సీటు బిగించిన జట్టులో నేనూ ఉన్నాను. ఆయన దొరికాడని తెలిసేదాకా నేను ఫోను దగ్గర నుంచి కదల్లేదు. ఆ విసురుకి నడుం దెబ్బతిన్న ఆయన్ని ఆసుపత్రికి చూడ్డానికి వెళితే, "నా నడుం విరగ్గొట్టింది నువ్వేనా?" అని హిందీలో అడిగి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. ఇలాంటి పని మానమంటావా?

అమ్మ మోకాలు పాడేరులో చూపించారా? మిరియాల తీగలు ఈసారి కాశాయా? ఎవరైనా ఇటు వస్తే చోడిపిండి పంపండి. ఇక్కడి రాగిపిండితో అంబలి కుదరడం లేదు.

చెల్లి సుభద్ర ఇంటరు అయిపోయింది కదా. నన్ను వెనక్కి పిలిచే బదులు దాన్ని కూడా ఈ ఉద్యోగానికి పంపు. దరఖాస్తు నేను పెడతాను. మామ అడ్డొస్తే నేనే వచ్చి మాట్లాడతాను.

అమ్మకు దండాలు. సుభద్రకు నా దీవెనలు చెప్పి, ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్ష కోసం రేపటి నుంచే పరుగు మొదలుపెట్టమను.

నీ కూతురు
జమున